రోగి సేవ ఇంటి కోడలి ఒక్కదాని బాధ్యతేనా?

పక్షవాతాన్ని మన ఇళ్లల్లో 'ఫాలిజ్' అంటాం. మూతి ఒక పక్కకు లాగితే 'లఖ్వా' అంటాం. ఫాలిజ్ అనేది అరబ్బీ మాట. రెండుగా చీలడం అనే అర్థమున్న ధాతువు నుంచి అది పుట్టింది. సుమారు వెయ్యేళ్ల నాడు ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం 'అల్‌ఖానూన్'లో ఈ పేరుతోనే ఈ రోగాన్ని వివరించారు. దేహంలో ఒక సగం మామూలుగా ఉండి, మరో సగం చచ్చుబడిపోతుంది కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. అయితే మేము చూసినంత వరకు ఈ రోగం దేహంతో ఆగడం లేదు. ఇంటిని కూడా రెండుగా చీలుస్తోంది. ఒక వైపు రోగితో పాటు రాత్రంతా మేలుకొనే మనిషి ఒక్కరు. మరో వైపు వచ్చి, చూసి, నిట్టూర్చి వెళ్లే మిగతా కుటుంబమంతా! ఆ ఒక్క మనిషి గురించి ఈ శుక్రవారం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

రాయచోటిలోనూ, చుట్టూ ఉన్న గాలివీడు, సంబేపల్లె, చిన్నమండెం పల్లెల్లోనూ కువైటుతో సంబంధం లేని ముస్లిం ఇల్లు అరుదు. వానలు నమ్ముకుని బతకలేని నేల ఇది. కొడుకులు గల్ఫు వెళ్లి సంపాదిస్తారు. ఇంట్లో ముసలివాళ్లు, బడికి వెళ్లే పిల్లలు, కోడలు మిగులుతారు. అలాంటి ఇంట్లో మామకో అత్తకో ఒక పూట ఉన్నట్టుండి కాలూ చెయ్యీ పడిపోతుంది. కడపకో తిరుపతికో వేలూరుకో తీసుకువెళ్తారు. పది పదిహేను రోజుల తర్వాత ప్రాణంతో ఇంటికి తిరిగొస్తారు. అందరూ 'అల్‌హమ్దులిల్లాహ్' అంటారు. అసలు పరీక్ష ఆ రోజు నుంచే మొదలవుతుందని చాలామందికి తెలియదు.

ఫజర్ అజాన్ కంటే ముందే లేచి తడిసిన పక్క మార్చాలి. ఒళ్లు తుడవాలి. మంచంలో కదల్లేని మనిషికి వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా! పడుకోబెట్టి తినిపిస్తే అన్నం మెతుకు శ్వాసనాళంలోకి పోతుంది కాబట్టి లేపి కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా, మింగారో లేదో చూసుకుంటూ తినిపించాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపితే భుజం కీలు దెబ్బతింటుంది. అది తెలిసి జాగ్రత్తగా లేపాలి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు వేళకు వేయాలి. చెప్పిన వ్యాయామం చేయించాలి. వీటి మధ్యనే పిల్లల్ని బడికి పంపాలి, వంట చేయాలి, పంపులో నీళ్లు వచ్చినప్పుడు పట్టుకోవాలి. ఇదంతా ఒక నెలో, రెండు నెలలో కాదు. కొన్ని ఇళ్లల్లో ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇక పరామర్శకు వచ్చేవారి సంగతి. రోగిని చూడబోవడం, అంటే అయాదత్, ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని హదీసుల్లో ఉంది. మనవాళ్లు ఈ హక్కును మరువరు. సంతోషమే. కానీ జరిగేదేమిటి? జట్లు జట్లుగా వస్తారు. గంటల తరబడి కూర్చుంటారు. రోగి వినేటట్టే "ఇక లేవడం కష్టమే" అంటారు. ఆ కోడలు పొయ్యి దగ్గరికి వెళ్లి పదిమందికి చాయ్ కాచాలి. వెళ్లేటప్పుడు ఆమె తల మీద చెయ్యి వేసి, "సబర్ చెయ్యి బేటీ, అల్లాహ్ అజర్ ఇస్తాడు" అంటారు. అజర్ తప్పక ఇస్తాడు, అందులో సందేహం లేదు. మరి ఆ పుణ్యంలో మనకు వాటా వద్దా? పుణ్యమంతా ఆమె ఒక్కదానికే వదిలేసి వచ్చేటంత ఉదారులమా మనం?

పైగా సలహాలు! పావురం రక్తం రుద్దమంటారొకరు. ఫలానా చోట ఆకు పసరు పోస్తారంటారు మరొకరు. ప్రవహించే రక్తం అపవిత్రమని దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది. దాన్ని తెచ్చి రోగి ఒంటికి పూయడం ఎక్కడి ధర్మం? మందు తీసుకోమని ఆదేశించిన ప్రవక్త (స) అనుచర సమాజం మనది. మెదడులో రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే సూది మందు ఉంది. అందరికీ అది పనికిరాదు. పనికొచ్చే వారికి కూడా రోగం మొదలైన నాలుగున్నర గంటల లోపే వేయాలి. ఆ లోపే తలకు స్కానింగ్ కూడా జరగాలి. రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాట్ మీదుగా కడపకు సుమారు యాభై కిలోమీటర్లు. పసరు కోసం పోగొట్టుకునే ఒక్కో గంట, రేపు ఆ ఇంటి ఆడబిడ్డ చేయవలసిన సేవకు ఏళ్లను కలుపుతుంది. మూతి వంకరపోయినా, చెయ్యి పట్టుతప్పినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయడమే మొదటి పని.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ సేవ ఎవరి బాధ్యత?

దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో, అల్లాహ్‌ను తప్ప మరెవరినీ ఆరాధించవద్దన్న ఆజ్ఞ వెంటనే తల్లిదండ్రుల ప్రస్తావన వస్తుంది. ముసలితనంలో వారిని విసుక్కుంటూ 'ఉఫ్' అని కూడా అనరాదని అక్కడ హెచ్చరిక ఉంది. ఆ మాట ఎవరితో చెప్పబడింది? సంతానంతో. కొడుకులతో, కూతుళ్లతో. తల్లిదండ్రుల సేవ, పోషణ సంతానం మీద వాజిబ్ అని ఫిఖ్హ్ పండితులు రాశారు. కోడలి మీద అత్తమామల సేవ షరీఅత్ దృష్ట్యా వాజిబ్ కాదు. ఆమె చేస్తే అది ఇహ్‌సాన్, అంటే ఉపకారం. చేసినందుకు ఆమెకు గొప్ప పుణ్యం. చేయించుకున్నందుకు ఆమె భర్త, అతని తోబుట్టువులు ఆమెకు రుణపడి ఉండాలి. మన ఇళ్లల్లో ఇది తలకిందులైంది. ఉపకారం చేస్తున్న కోడలిని, ఏదో బాకీ పడ్డ మనిషిని నిలదీసినట్టు నిలదీస్తాం. బాకీ ఉన్న కొడుకులు, కూతుళ్లు మాత్రం అతిథుల్లా వచ్చి వెళ్తారు.

సిగ్గుకు, సతర్‌కు సంబంధించిన విషయం కూడా ఉంది. కోడలికి మామ మహ్రమే. అయినా శుభ్రపరచవలసిన సమయంలో ఆ ముసలాయన పడే బాధ, ఆమె పడే ఇబ్బంది నోరు విప్పి చెప్పుకోలేనివి. ఇంట్లో కొడుకు ఉండి, మనవడు ఉండి, ఆ పని ఆమెకు వదిలేయడం ఆ ఇద్దరి గౌరవాన్నీ తీసేయడమే. మగవాడికి మగవాడు, స్త్రీకి స్త్రీ చేయడం మర్యాద. కొడుకులు ఉన్నచోట ఇది సలహా కాదు, వారి విధి.

మగవారికి ఇలాంటి పని నామోషీ అని భావించేవారు ఒక్కసారి బద్ర్ యుద్ధాన్ని గుర్తు చేసుకోవాలి. ఇస్లాం చరిత్రలో బద్ర్‌లో పాల్గొన్న వారి స్థానం ఎంతటిదో మన మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. హిజ్రీ 2వ సంవత్సరంలో సైన్యం బయలుదేరే సమయానికి హజ్రత్ ఉస్మాన్ (రజి) సతీమణి, ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్య (రజి) తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. ఉస్మాన్‌ను (రజి) యుద్ధానికి రమ్మనలేదు. ఆమె దగ్గరే ఉండి చూసుకోమన్నారు. అంతేకాదు, బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తికి దొరికే పుణ్యం, యుద్ధలబ్ధిలో వాటా రెండూ ఆయనకు ఉంటాయని ప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. విజయ వార్త మదీనాకు చేరే సమయానికి రుఖయ్యను (రజి) ఖననం చేస్తున్నారని చరిత్రకారులు రాశారు. అంటే ఆ సేవ రోగిని బతికించలేదు. అయినా దాని విలువ తగ్గలేదు. ఒక మగవాడు, ధనవంతుడు, తర్వాత ఖలీఫా అయిన మహనీయుడు రోగి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ కూర్చోవడం రణరంగంలో నిలబడటంతో సమానమైంది. ఇంతకంటే ఏం నిదర్శనం కావాలి?

"కొడుకు కువైటులో ఉన్నాడు, ఏం చేయగలడు?" అని అడుగుతారు. నిజమే, ఉద్యోగం వదిలి వస్తే వీసా అప్పు తీరదు, ఇల్లు గడవదు. సంపాదించి పంపడం కూడా సేవే. కానీ డబ్బు పంపడంతోనే బాధ్యత తీరిందనుకోవడం సరికాదు. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని, తల్లిదండ్రులు బతికున్నారని తెలుసుకుని, వారి సేవలోనే జిహాద్ చెయ్యమని తిప్పి పంపిన సంఘటన కూడా హదీసు గ్రంథాల్లో ఉంది. దూరాన ఉన్న కొడుకు చేయగలిగినవి చాలానే ఉన్నాయి. రోజూ ఫోన్ చేసి తండ్రితోనే కాక భార్యతోనూ మనసు విప్పి మాట్లాడాలి. "ఎలా ఉన్నావు, నిద్రపోయావా" అని ఆమెను అడగాలి. సహాయానికి మనిషిని కుదిర్చి ఆ జీతం అన్నదమ్ములంతా పంచుకోవాలి. సెలవుపై వచ్చిన నెలా రెండు నెలలు బంధువుల ఇళ్లల్లో విందులకే ఖర్చు చేయక, తండ్రి పక్కన తానే పడుకుని భార్యను కొన్నాళ్లు పుట్టింటికి పంపాలి. ఊళ్లోనే ఉన్న కూతుళ్లు వారంలో ఒకటి రెండు రాత్రులు వంతు వేసుకోవాలి.

ఇంకో మాట. కువైటులో అరబ్బుల ఇళ్లల్లో ముసలివాళ్లకు తినిపించి, కడిగి, తుడిచి సేవ చేసేవారిలో మన కడప ప్రాంతపు ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు. అక్కడ ఆ పనికి నెల జీతం ఉంది. ఇక్కడ అదే పని చేసే కోడలికి జీతం అక్కర్లేదు, సరే. ఆమె చేసేది పని అని గుర్తించడానికి కూడా మనకు మనసు రాకపోతే ఎలా?

కోడలి బాధ్యత కాదని చెబితే కుటుంబాలు కూలిపోతాయని, ముసలివాళ్లు వీధిన పడతారని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ నిజాన్ని దాచి నిలబెట్టే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉపకారాన్ని ఉపకారమని గుర్తించి కృతజ్ఞత చూపితే, ఏ ఆడబిడ్డా మంచాన ఉన్న మనిషిని వదిలి వెళ్లదు. మేము చూసిన కోడళ్లలో చాలామంది సేవకు వెనుదీసినవారు కారు. చేసిన దానికి పేరు లేకపోవడం, చేయలేకపోయిన దానికి నింద పడటం, ఇదే వారిని కుంగదీస్తోంది.

ఇంటివారి మీద మరింత భారం వేసి ఊరుకుంటే సరిపోదని వైద్యులు కూడా తేల్చారు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కొందరు రోగుల ఇంటివారికి వ్యాయామం చేయించడం, కూర్చోబెట్టడం, నడిపించడం వంటివి ప్రత్యేకంగా నేర్పారు. మిగతావారికి మామూలు వైద్యమే ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడి ఉన్నవారు రెండు వర్గాల్లోనూ నూటికి 47 మందే. 2017లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఇంటివారి సేవ వృథా అని దీని అర్థం కాదు. తినిపించేది, శుభ్రంగా ఉంచేది, పుండ్లు పడకుండా కాపాడేది వారే. కానీ ఫిజియోథెరపిస్టు చేయవలసిన పనిని ఇంటివారికి నేర్పి పంపినంత మాత్రాన రోగి లేచి నడవడు. రోగి కోలుకోకపోతే "నువ్వు సరిగ్గా చేయించలేదు" అని కోడలిని నిందించే నోళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

రోగి సేవలో ఉన్నవారిని వేధించే మరో దిగులు ఇబాదత్ గురించి. ధర్మం వారికి ఎంత వెసులుబాటు ఇచ్చిందో చాలామందికి తెలియదు. జమాఅత్‌తో నమాజుకు వెళ్లలేకపోవడానికి హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు పేర్కొన్న కారణాల్లో రోగి సేవలో ఉండటం ఒకటి. వదిలి వెళ్తే రోగికి హాని జరుగుతుందన్న పరిస్థితిలో జుమా నుంచి కూడా మినహాయింపు ఉంది. ఈ పేజీ చదువుతున్న ఈ శుక్రవారం, తండ్రి పక్కన కూర్చుని మసీదుకు రాలేకపోయిన కొడుకు ఎవరైనా ఉంటే, అతను కుమిలిపోనక్కర్లేదు. రోగి కూర్చుని నమాజు చేయవచ్చు, కూర్చోలేకపోతే పడుకుని తల సైగతో చేయవచ్చు. నీళ్లు హాని చేస్తాయంటే తయమ్ముమ్ ఉంది. మూత్రం ఆగని స్థితిలో ఉన్నవారికి, గొట్టం పెట్టించుకున్నవారికి 'మాజూర్' నియమాలు ఉన్నాయి. ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేస్తే చాలు. వివరాలు దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. అడగడానికి సిగ్గుపడవద్దు.

సేవ చేసే సోదరీమణులకు మా మాట ఒకటి. రోగి కోపంతో కంచం తోసివేసినా, కారణం లేకుండా ఏడ్చినా, నవ్వినా, తిట్టినా అది ఆ మనిషి గుణం కాదు, మెదడుకు తగిలిన దెబ్బ ఫలితం. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మనోవ్యాకులత కలుగుతుందని వైద్యులు చెబుతారు. దానికీ మందు ఉంది, డాక్టర్‌కు చెప్పాలి. మీకు కూడా ఒక్కోసారి విసుగు వస్తుంది, మాట జారుతుంది, తర్వాత మూలన కూర్చుని ఏడుస్తారు. మీరు చెడ్డవారు కారు, అలసిపోయారు. ఏ ప్రాణి మీదా మోయలేని భారం వేయనని చెప్పినవాడు అల్లాహ్. మోయలేనంత భారం మీ మీద పడిందంటే అది ఆయన వేసింది కాదు, పంచుకోవలసినవారు పంచుకోక మిగిల్చింది. సహాయం అడగండి. మీ దేహానికి కూడా మీ మీద హక్కు ఉంది. మీ నడుము నొప్పి, మీ బీపీ కూడా చూపించుకోండి. ఆ మంచం పక్కన రెండో మంచం పడితే ఆ ఇంటికి దిక్కెవరు?

ఇక అయాదత్‌కు వెళ్లేవారికి. వెళ్లండి, తప్పక వెళ్లండి. కానీ ఎక్కువసేపు కూర్చోవద్దు. చాయ్ అడగవద్దు, వీలైతే ఒక పూట సాలన్ వండుకుని తీసుకువెళ్లండి. "మీరు వెళ్లి రెండు గంటలు పడుకోండి, మేము కూర్చుంటాం" అనండి. ఇంతకంటే మంచి దుఆ ఆమెకు మరొకటి లేదు. రోగి గురించి కాదు, రోగితో మాట్లాడండి. మాట పోయినంత మాత్రాన అర్థం చేసుకోలేరని అనుకోవద్దు. చాలామందికి అన్నీ అర్థమవుతాయి, బదులు చెప్పలేరు, అంతే. ఉర్దూలోనూ మాట్లాడండి, తెలుగులోనూ మాట్లాడండి. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలిస్తే, రోగం తర్వాత కూడా జ్ఞాపకం, ఆలోచన చెక్కుచెదరనివారు ఒకే భాష వచ్చినవారిలో నూటికి సుమారు 20 మంది, రెండు భాషలు వచ్చినవారిలో సుమారు 40 మంది ఉన్నారట. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు అని మనం మామూలుగా తీసుకునే ఈ అలవాటు అల్లాహ్ ఇచ్చిన నిధి. దాన్ని ఆ మంచం దగ్గర కూడా వాడండి.

మసీదు కమిటీలకూ ఒక విన్నపం. జనాజా పెట్టె మన మసీదుల్లో సిద్ధంగా ఉంటుంది. చనిపోయినవారి కోసం అంత ఏర్పాటు చేసే మనం, బతికి మంచంలో ఉన్నవారి కోసం ఒక చక్రాల కుర్చీ, ఒక గాలి పరుపు, మరుగుదొడ్డి కుర్చీ ఒకటి కొని ఉంచలేమా? ఒక ఇంట్లో అవసరం తీరాక మరో ఇంటికి పోతాయి. మొహల్లాలో ఏ ఇంట్లో మంచాన పడ్డ రోగి ఉన్నారో ఇమాం సాహెబ్ దగ్గర జాబితా ఉండాలి. యువకులు వంతులు వేసుకుని రోగిని లేపడానికి, ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి సాయపడాలి. పక్షవాతంతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారి పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. దీనికి డాక్టర్ల ధ్రువీకరణ కావాలి. చదువు రాని ఇల్లాలు కాగితాలు పట్టుకుని ఎక్కడ తిరుగుతుంది? చదువుకున్న కుర్రాళ్లు ఆమె తరఫున సచివాలయంలో విచారించాలి. పేద కుటుంబమైతే జకాత్ నుంచి మందులకు సాయం చేయవచ్చు. అయితే కన్న తల్లిదండ్రులకు పంపే డబ్బును జకాత్ లెక్కలో వేయరాదని కొడుకులు గుర్తుంచుకోవాలి. అది వారి హక్కు, దానం కాదు.

ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను రోగినైతే నువ్వు చూడటానికి రాలేదేమని అడుగుతాడని, ఫలానా దాసుడు రోగి అయినప్పుడు వెళ్లి ఉంటే తనను అక్కడే పొంది ఉండేవాడివని చెబుతాడని హదీసు ఖుద్సీలో ఉంది. అంటే రోగి మంచం దగ్గర అల్లాహ్ సామీప్యం ఉంది. మన కోడళ్లు, కూతుళ్లు, భార్యలు రోజూ ఆ సామీప్యంలోనే గడుపుతున్నారు. మనమేమో గుమ్మం దగ్గర నిలబడి సబర్ గురించి ఉపన్యాసాలిస్తున్నాం. లోపలికి వెళ్దాం. చొక్కా చేతులు మడిచి ఒక పక్క పట్టుకుందాం.

మంచాన ఉన్న ప్రతి రోగికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! వారి పక్కన మేలుకొని ఉన్నవారికి బలాన్ని, మిగిలిన మనందరికీ ఆ భారం పంచుకునే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.